అమెరికా పబ్లిక్ స్కూళ్లలో వలస కుటుంబాల పిల్లల హక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాకి కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలకి పిల్లల స్కూల్ అడ్మిషన్ విషయంలో సాయం చేస్తుంటాను. అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. అడిగే గొంతులో టెన్షన్ కూడా ఒకటే. ఆ భయం వల్ల పిల్లలు ఒక్క వారం కూడా బడికి దూరం కాకూడదనే ఇవన్నీ ఒకచోట రాశాను. చాలావరకు దేశమంతటికీ వర్తించే నియమాలే. రాష్ట్రాన్ని బట్టి మారేవి ఉంటే అక్కడే చెప్పాను. మీ వీసా కేసు సంగతి మాత్రం ఇమ్మిగ్రేషన్ లాయర్‌నే అడగండి.

మా వీసా గడువు అయిపోయింది. అయినా పిల్లల్ని పబ్లిక్ స్కూల్లో చేర్చవచ్చా?

చేర్చవచ్చు. కిండర్‌గార్టెన్ నుంచి 12వ తరగతి దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్లను నడిపే స్థానిక విభాగం పరిధిలో) నివసించే పిల్లలందరికీ ఉంది. స్కూల్ తేల్చుకోవాల్సినవి ముఖ్యంగా రెండే: పిల్లల వయసు ఎంత, ఉంటున్న ఇల్లు డిస్ట్రిక్ట్ హద్దుల్లో ఉందా లేదా. తల్లిదండ్రుల ఇమ్మిగ్రేషన్ స్టేటస్ (దేశంలో ఉండటానికి ఉన్న చట్టబద్ధ హోదా) గానీ, పిల్లల స్టేటస్ గానీ అడ్మిషన్‌కి షరతు కాదు. పైగా బడి వయసు పిల్లల్ని చదివించడం ప్రతి రాష్ట్రంలోనూ తప్పనిసరి. భయంతో ఇంట్లో కూర్చోబెడితే కొత్త చిక్కు తెచ్చుకున్నట్టే.

ఈ హక్కు ఎక్కడి నుంచి వచ్చింది?

టెక్సస్‌లోని టైలర్ అనే ఊరి నుంచి. దేశంలో ఉండటానికి చట్టబద్ధమైన పత్రాలు లేని పిల్లల చదువుకి రాష్ట్ర నిధులు ఇవ్వబోమని టెక్సస్ 1975లో చట్టం చేసింది. దాన్ని పట్టుకుని 1977లో టైలర్ స్కూల్ డిస్ట్రిక్ట్ అలాంటి పిల్లలు ఒక్కొక్కరు ఏడాదికి 1,000 డాలర్లు కట్టాలంది. కూలి పనులు చేసుకునే మెక్సికన్ కుటుంబాలకి అది అయ్యే పని కాదు. కొన్ని కుటుంబాలు కోర్టుకెక్కాయి. పేర్లు బయటపడితే దేశం నుంచి పంపేస్తారన్న భయం ఉంది కాబట్టి కోర్టు కాగితాల్లో వాళ్ల అసలు పేర్లు రాయకుండా ‘డో’ అని (పేరు దాచాల్సినప్పుడు అమెరికా కోర్టుల్లో వాడే మారుపేరు) రాశారు. ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఆనాటి అధిపతి అయిన సూపరింటెండెంట్ పేరు ప్లైలర్. అలా ఆ కేసు ‘ప్లైలర్ వర్సెస్ డో’ అయింది. ఫెడరల్ జడ్జి విలియం వేన్ జస్టిస్ పిల్లల పక్షాన తీర్పు ఇచ్చారు. 1982 జూన్ 15న సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో అదే నిలబెట్టింది.

తీర్పు రాసిన జస్టిస్ విలియం బ్రెన్నన్ వాదన సూటిగా ఉంటుంది. రాజ్యాంగం 14వ సవరణ, చట్టం ముందు సమానత్వాన్ని పౌరులకే పరిమితం చెయ్యలేదు, రాష్ట్ర పరిధిలో ఉన్న ఏ వ్యక్తికైనా అంది. సరిహద్దు దాటాలన్న నిర్ణయం పెద్దలది. దానికి శిక్ష పిల్లలకి వెయ్యడం న్యాయం కాదు. చదువు లేని ఒక వర్గాన్ని చేతులారా తయారుచేస్తే ఆ నష్టం తరాల పాటు దేశమే మోయాలి.

ఒక సంగతి చాలామందికి తెలియదు. ఆ తీర్పుతో విభేదించిన చీఫ్ జస్టిస్ వారెన్ బర్గర్ కూడా 14వ సవరణ ఈ పిల్లలకి వర్తించదని అనలేదు. పిల్లల్ని ప్రాథమిక విద్యకి దూరం చెయ్యడం తెలివైన సమాజం చేసే పని కాదనే ఆయనా రాశారు. దాన్ని సరిదిద్దాల్సింది కోర్టులా, చట్టసభలా అన్న దగ్గరే ఆయనకి పేచీ.

మేం హెచ్-1 ఉద్యోగ వీసా మీద చట్టబద్ధంగానే ఉన్నాం. ఇదంతా మాకెందుకు?

ఈ ప్రశ్న మన వాళ్ల నుంచే ఎక్కువ వస్తుంది. కాబట్టి ఉన్నమాట చెబుతాను. హెచ్-1 ఉద్యోగం పోతే మామూలుగా ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆలోపు కొత్త ఉద్యోగమో, స్టేటస్ మార్పో దొరక్కపోతే హెచ్-4 (హెచ్-1 ఉద్యోగి కుటుంబ సభ్యుల వీసా) మీద ఉన్న పిల్లల స్టేటస్ కూడా మీతోపాటే పోతుంది. అది అక్టోబరులో జరగొచ్చు, ఫిబ్రవరిలో జరగొచ్చు. అప్పుడు మీ పిల్లవాడిని తరగతిలోంచి లేపి పంపకుండా అడ్డుపడేది టైలర్‌లో ఆ మెక్సికన్ కూలీలు తెచ్చిన తీర్పే. అది మన పిల్లల హక్కు కూడా. ఎవరి పిల్లల విషయంలో దాన్ని బలహీనపరిచినా మనకీ నష్టమే.

అడ్మిషన్‌కి ఏ కాగితాలు తీసుకెళ్లాలి?

వయసు రుజువుకి బర్త్ సర్టిఫికెట్ చాలు. మున్సిపాలిటీ ఇచ్చినదైనా, పంచాయతీ ఇచ్చినదైనా పనికొస్తుంది. ఇండియాలో ఇచ్చిందన్న కారణంతో తిరస్కరించకూడదు. తెలుగులో మాత్రమే ఉంటే ఇంగ్లీషు అనువాదం జతచెయ్యండి. బర్త్ సర్టిఫికెట్ లేకపోతే ఆస్పత్రి రికార్డు, పాత స్కూల్ రికార్డు, తల్లిదండ్రుల అఫిడవిట్ లాంటివి చాలా డిస్ట్రిక్టులు ఒప్పుకుంటాయి.

చిరునామాకి ఇంటి లీజు, కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు లాంటివి అడుగుతారు. ఇవి అడగడం న్యాయమే. టీకాల రికార్డు కావాలి. పాత మార్కుల లిస్టులు, టీసీ ఉంటే ఏ తరగతిలో వెయ్యాలో తేల్చడానికి పనికొస్తాయి. టీసీ రాలేదని అడ్మిషన్ ఆపుకుని కూర్చోవద్దు. ఇక్కడ తరగతిని ఎక్కువగా వయసును బట్టి నిర్ణయిస్తారు.

నా అనుభవంలో మన వాళ్లు చేసే పొరపాటు తక్కువ కాగితాలు ఇవ్వడం కాదు, ఎక్కువ ఇవ్వడం. ఇంట్లో ఉన్న ఫైలు మొత్తం, ఐ-797 (వీసా ఆమోద నోటీసు)తో సహా, అడ్మిషన్లు చూసే రిజిస్ట్రార్ బల్ల మీద పెట్టేస్తారు. అడిగినవే ఇవ్వండి. అడగని కాగితం ఇచ్చినందువల్ల వచ్చే లాభం ఏమీ లేదు. అది మాత్రం స్కూల్ ఫైల్లో ఉండిపోతుంది.

ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబర్ అడిగారు. మా పాపకి లేదు.

ఖాళీగా వదిలెయ్యండి. నంబర్ ఉన్నవాళ్లు కూడా ఇవ్వాల్సిన పని లేదు. అది ఇవ్వలేదని పిల్లల్ని చేర్చుకోకపోవడం కుదరదు. స్కూల్ తన తరఫున ఒక విద్యార్థి నంబర్ ఇస్తుంది.

రిజిస్ట్రార్ పాస్‌పోర్టు, వీసా కాపీ కావాలన్నారు. ఇవ్వాలా?

ఎందుకు అడిగారో ముందు కనుక్కోండి. వయసు రుజువు కోసమైతే బర్త్ సర్టిఫికెట్ ఇస్తామని చెప్పండి. కొన్నిసార్లు విదేశాల నుంచి వచ్చిన పిల్లలకి అందే ప్రత్యేక నిధుల లెక్క కోసం, పిల్లలు ఏ దేశంలో పుట్టారు, ఇక్కడ ఎప్పుడు స్కూల్లో చేరారు అని అడుగుతారు. ఇది వేరు, స్టేటస్ అడగడం వేరు. అడ్మిషన్ ఇవ్వాలంటే వీసా చూపించాల్సిందే అంటే మాత్రం తప్పు. చాలాసార్లు కౌంటర్‌లో ఉన్నవాళ్లకి తెలియకే ఇది జరుగుతుంది. గొడవపడకుండా, “ఈ నియమం డిస్ట్రిక్ట్ పాలసీలో ఎక్కడుందో రాతపూర్వకంగా ఇస్తారా?” అని అడగండి. సాధారణంగా విషయం అక్కడే సర్దుకుంటుంది.

విజిటర్ వీసా మీద వచ్చిన పిల్లలు, ఎఫ్-1 (విద్యార్థి వీసా) పిల్లలు కూడా చేరొచ్చా?

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. స్కూల్ ఏం అడగవచ్చు అన్నది ఒక విషయం, మీ వీసా ఏం ఒప్పుకుంటుంది అన్నది ఇంకో విషయం. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే తర్వాత ఇబ్బందులు వస్తాయి.

హెచ్-4, ఎల్-2 (కంపెనీ బదిలీ మీద వచ్చినవాళ్ల కుటుంబ వీసా) పిల్లలు నిరభ్యంతరంగా చదువుకోవచ్చు. అమ్మో నాన్నో యూనివర్సిటీలో చదువుతుంటే వాళ్ల ఎఫ్-2 పిల్లలు కూడా 12వ తరగతి దాకా ఫుల్‌టైమ్ చదువుకోవచ్చు.

పిల్లవాడికి సొంతంగా ఎఫ్-1 ఉంటే సంగతి వేరు. 1996 ఫెడరల్ చట్టం ప్రకారం ఎఫ్-1 మీద పబ్లిక్ ఎలిమెంటరీ స్కూల్లో చదవకూడదు. పబ్లిక్ హైస్కూల్లో అయితే మొత్తం 12 నెలలకి మించకూడదు, డిస్ట్రిక్ట్‌కి అయ్యే ఖర్చంతా కట్టాలి. ఈ ఆంక్ష ఎఫ్-1కే. డిపెండెంట్ పిల్లలకి గానీ, పత్రాలు లేని పిల్లలకి గానీ ఇది వర్తించదు. కొందరు స్కూల్ సిబ్బంది ఇది అందరికీ అనుకుని హెచ్-4 పిల్లల్ని కూడా వెనక్కి పంపుతుంటారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

బీ-2 విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు స్టేటస్ మార్చుకోకుండా చదువు మొదలుపెట్టడం వీసా నిబంధనలకి విరుద్ధం. స్కూల్ అడక్కపోవచ్చు, చేర్చుకోవచ్చు. కానీ రేపు వీసా దరఖాస్తులో అది ఎదురు రావచ్చు. వేసవి సెలవులకి వచ్చిన పిల్లల్ని ఇక్కడే చదివిద్దాం అనుకుంటే ముందు లాయర్‌తో మాట్లాడండి.

మా అక్క కొడుకుని మా దగ్గర ఉంచుకుని చదివించవచ్చా? అక్కావాళ్లు ఇండియాలోనే ఉంటారు.

పిల్లవాడికి అమెరికన్ పాస్‌పోర్టు ఉన్నా ఇది సూటిగా తేలే ప్రశ్న కాదు. ప్లైలర్ తీర్పు వచ్చిన మరుసటి ఏడాదే, 1983లో, సుప్రీంకోర్టు ‘మార్టినెజ్ వర్సెస్ బైనమ్’ కేసు తేల్చింది. అమెరికాలోనే పుట్టిన ఒక అబ్బాయి తల్లిదండ్రులు మెక్సికోలో ఉండగా, చదువు కోసం టెక్సస్‌లో అక్క ఇంట్లో ఉన్నాడు. కేవలం ఉచిత చదువు కోసమే తల్లిదండ్రుల్ని వదిలి డిస్ట్రిక్ట్‌లో ఉంటున్నవాళ్లకి ట్యూషన్ లేకుండా సీటు నిరాకరించే టెక్సస్ నియమం చెల్లుతుందని కోర్టు చెప్పింది. అంటే స్టేటస్ అడగకూడదు గానీ, నిజంగా ఇక్కడ నివసిస్తున్నాడా అని అడగవచ్చు. మీరు చట్టపరంగా గార్డియన్ అయితే చాలాచోట్ల దారి దొరుకుతుంది. ఏ కాగితం సరిపోతుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కౌంటీ కోర్టు ఉత్తర్వు అడిగేవి ఉన్నాయి, నోటరీ అఫిడవిట్‌తో ఒప్పుకునేవి ఉన్నాయి.

ఉద్యోగం పోయి ఇల్లు ఖాళీ చేశాం. స్నేహితుల ఇంట్లో ఒక గదిలో ఉంటున్నాం. లీజు మా పేరు మీద లేదు.

ముందుగా ఒక మాట: ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 1987 నాటి మెకినీ-వెంటో చట్టం సరిగ్గా మీలాంటి కుటుంబాల కోసమే ఉంది. ఆర్థిక ఇబ్బంది వల్ల మరొకరి ఇంట్లో తలదాచుకుంటున్న పిల్లలు ఆ చట్టం కిందికి వస్తారు. చిరునామా రుజువు, టీకాల రికార్డు, పాత స్కూల్ కాగితాలు చేతిలో లేకపోయినా వెంటనే చేర్చుకోవాలి. కాగితాలు తర్వాత తెప్పించుకుంటారు. పాత స్కూల్లోనే కొనసాగాలనుకుంటే అది పిల్లల మేలుకే అయితే దానికీ వీలుంది, బస్సు ఏర్పాటూ అడగవచ్చు. ప్రతి డిస్ట్రిక్ట్‌లోనూ ఈ పని చూసే లియేజన్ ఒకరు ఉంటారు. ఆఫీసుకి ఫోన్ చేసి “మెకినీ-వెంటో లియేజన్‌తో మాట్లాడాలి” అంటే చాలు.

లీజు లేకపోయినా ఇబ్బంది వల్ల కాకుండా అన్నయ్య ఇంట్లో కలిసి ఉంటున్నారనుకోండి, ఇంటి యజమాని లేదా లీజుదారు మీ తరఫున రాసే నివాస అఫిడవిట్ చాలా డిస్ట్రిక్టుల్లో సరిపోతుంది.

టీకాలు?

ఇండియా కార్డు పనికొస్తుంది. తేదీలు స్పష్టంగా కనిపించాలి. రాష్ట్రం అడిగే వాటిలో తగ్గినవి కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో వేయించుకోండి, తక్కువ ఖర్చుతో అయిపోతుంది. కొన్నిచోట్ల టీబీ పరీక్ష కూడా అడుగుతారు.

మా బాబుకి ఇంగ్లీషు సరిగా రాదు. ‘ఇంట్లో మాట్లాడే భాష’ అన్న చోట తెలుగు అని రాస్తే వెనకబెడతారా?

తెలుగు అనే రాయండి. ఈఎస్ఎల్‌లో (ఇంగ్లీషు రాని పిల్లలకి అదనంగా ఇంగ్లీషు నేర్పే తరగతి) వేస్తారేమోనని చాలామంది ఇంగ్లీషు అని రాసేస్తారు. రెండు నెలలకి పిల్లవాడు తరగతిలో ఏమీ అర్థంకాక మౌనంగా కూర్చుంటున్నాడని టీచర్ ఫోన్ చేస్తే అప్పుడు కంగారుపడతారు. ఆ రెండు నెలలు పిల్లవాడికి తిరిగి రావు.

ఆ ఫారం చూశాక స్కూల్ ఇంగ్లీషు పరీక్ష పెడుతుంది. బాగా వచ్చినవాళ్లని ఈఎస్ఎల్‌లో వెయ్యరు. అవసరమైనవాళ్లకి సాయం చెయ్యడం స్కూల్ దయ కాదు, బాధ్యత. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనీస్ పిల్లల్ని మామూలు తరగతుల్లో కూర్చోబెట్టి వదిలేసినందుకు వేసిన ‘లావ్ వర్సెస్ నికల్స్’ కేసులో, అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచర్ ఇచ్చినంత మాత్రాన సమానత్వం కాదని 1974లో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది కాంగ్రెస్ ‘సమాన విద్యావకాశాల చట్టం’ చేసి, భాష అడ్డంకిని తొలగించే బాధ్యత స్కూళ్ల మీద పెట్టింది. 2025లో ఫెడరల్ ప్రభుత్వం ఈ విషయంలో పాత మార్గదర్శకాలను ఉపసంహరించుకుంది. కానీ చట్టం, కోర్టు తీర్పు అలాగే ఉన్నాయి.

ఫలానా ఈఎస్ఎల్ కార్యక్రమం వద్దని చెప్పే హక్కు తల్లిదండ్రులకి ఉంది. వద్దనే ముందు ఒకసారి టీచర్‌తో మాట్లాడి చూడండి.

అలాగే మీకు ఇంగ్లీషు ఇబ్బందిగా ఉంటే తెలుగు దుబాసీ కావాలని ముందుగానే అడగండి. చాలా డిస్ట్రిక్టుల్లో ఫోన్ మీద ఏర్పాటు చేస్తారు. పదేళ్ల పిల్లతో ఆ పిల్ల గురించే టీచర్ చెప్పేది అనువదించుకోవడం ఎవరికీ మంచిది కాదు.

పిల్లవాడికి ఆటిజం ఉంది. స్టేటస్ లేకపోయినా స్పెషల్ ఎడ్యుకేషన్ దొరుకుతుందా?

దొరుకుతుంది. ‘ఐడియా’ అనే ఫెడరల్ చట్టం కింద అర్హత ఉన్న పిల్లలకి మూడో ఏడు నుంచే సేవలు ఉంటాయి, అందులో స్టేటస్ ప్రసక్తి లేదు. పరీక్షించమని రాతపూర్వకంగా అడగండి, తేదీ వేసిన కాపీ దాచుకోండి. ఐఈపీ (ఆ పిల్లవాడికి ఏ సాయం ఇవ్వాలో స్కూల్ రాసే ప్రత్యేక ప్రణాళిక) రాయిస్తే గ్రీన్ కార్డుకి అడ్డం వస్తుందని భయపడి ఆగిపోయే కుటుంబాలు ఉన్నాయి. ఐఈపీ పిల్లల చదువుకి సంబంధించిన గోప్యమైన రికార్డు. స్కూల్ దాన్ని ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి పంపే పద్ధతేమీ లేదు.

ఐస్ (ఇమ్మిగ్రేషన్ చట్టాల్ని అమలుచేసే ఫెడరల్ సంస్థ) అధికారులు స్కూల్‌కి వస్తే?

అందరికంటే ఎక్కువ భయపెడుతున్నది ఇదే. ఏం మారింది, ఏం మారలేదు అన్నది విడదీసి చూడాలి.

స్కూళ్లు, ఆస్పత్రులు, గుళ్లు, చర్చిల దగ్గర అరెస్టులు సాధారణంగా చెయ్యకూడదని ఇమ్మిగ్రేషన్ శాఖకి ఒక అంతర్గత విధానం ఉండేది. 2025 జనవరిలో దాన్ని రద్దు చేశారు. ఇది నిజం, చిన్న మార్పేమీ కాదు. కానీ అది ఆ శాఖ తనకి తాను పెట్టుకున్న నియమం. ప్లైలర్ తీర్పు గానీ, సోదాలకి వారెంట్ కావాలనే నాలుగో సవరణ గానీ దానితో రద్దు కాలేదు.

వారెంట్లు రెండు రకాలు. జడ్జి సంతకం చేసినది ఒకటి, ఇమ్మిగ్రేషన్ అధికారే సంతకం చేసిన అడ్మినిస్ట్రేటివ్ వారెంట్ ఇంకొకటి. రెండోదాని బలంతో తరగతి గదుల్లాంటి, బయటివాళ్లకి ప్రవేశం లేని చోట్లకి స్కూల్ అనుమతి లేకుండా వెళ్లలేరు. అందుకే చాలా డిస్ట్రిక్టులు ఎవరైనా వస్తే ముందు ప్రిన్సిపల్‌కి, తర్వాత డిస్ట్రిక్ట్ లాయర్‌కి కాగితం చూపించాలని సిబ్బందికి చెప్పాయి. మీ డిస్ట్రిక్ట్ ఏం చెప్పిందో పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) మీటింగ్‌లో అడగండి. స్టేటస్ గట్టిగా ఉన్న తల్లిదండ్రులు అడిగితే ఇంకా మంచిది. అడగలేనివాళ్ల తరఫున అడిగినట్టవుతుంది.

రికార్డుల సంగతికి వస్తే, 1974 నాటి ‘ఫెర్పా’ చట్టం ప్రకారం తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల రికార్డులు బయటికి ఇవ్వకూడదు. కోర్టు ఉత్తర్వు, సబ్‌పీనా (రికార్డులు ఇవ్వమనే చట్టపరమైన ఆదేశం) లాంటి మినహాయింపులు ఉన్నాయి. ఒక కన్నం మాత్రం ఉంది. పేరు, చిరునామా, ఫోన్ నంబర్, పుట్టిన తేదీ లాంటివాటిని ‘డైరెక్టరీ సమాచారం’గా ప్రకటించి అనుమతి లేకుండానే ఇచ్చే వీలు స్కూల్‌కి ఉంటుంది. వద్దని చెప్పే హక్కు మీకుంది. ఏడాది మొదట్లో వచ్చే కాగితాల కట్టలో ఆ ఆప్ట్-అవుట్ ఫారం వెతికి సంతకం పెట్టండి.

బడి వదిలే సమయానికి మేమే ఇంటికి రాలేని పరిస్థితి వస్తే?

ఎమర్జెన్సీ కాంటాక్టుల్లో నమ్మకమైన ఇద్దరు ముగ్గురి పేర్లు ఈ రోజే చేర్చండి. పిల్లల్ని తీసుకెళ్లే అనుమతి కూడా వాళ్ల పేరు మీద ఉండాలి. స్టేటస్ ఇబ్బంది లేనివాళ్లయితే మేలు. తాత్కాలిక సంరక్షణ కాగితం రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, లాయర్‌తో రాయించుకోండి. పిల్లలకి వాళ్ల వయసుకి తగ్గట్టు ఎవరు వస్తారో ముందే చెప్పి ఉంచండి.

ఉచిత భోజనం ఫారం నింపవచ్చా?

నింపవచ్చు. అందులో స్టేటస్ అడగరు. సోషల్ సెక్యూరిటీ నంబర్ చివరి నాలుగు అంకెలు అడిగే చోట, లేకపోతే ‘లేదు’ అని టిక్ పెట్టే గడి ఉంటుంది.

ఈ తీర్పుని ఎవరైనా మార్చేస్తారా?

ప్రయత్నాలు ఎప్పుడూ ఆగలేదు. కాలిఫోర్నియాలో 1994లో ఓటర్లు ప్రపోజిషన్ 187 అనే చట్ట ప్రతిపాదనని నేరుగా ఓటు వేసి గెలిపించారు. పత్రాలు లేని పిల్లల్ని బడి నుంచి తప్పించడం అందులో ఒక భాగం. ఫెడరల్ కోర్టు దాన్ని అమలు కానివ్వలేదు. 2011లో అలబామా, అడ్మిషన్ సమయంలో పిల్లల స్టేటస్ ఆరా తియ్యాలని చట్టం చేసింది. ఎవరినీ బయటికి పంపమని అందులో లేదు. అయినా అది అమల్లో ఉన్న కొద్ది వారాల్లోనే లాటినో పిల్లల గైర్హాజరు ఒక్కసారిగా పెరిగింది. అడగడమే చాలు, పిల్లలు బడి మానేస్తారు. 2012లో అప్పీలు కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. టెన్నెసీలో స్టేటస్ లేని పిల్లలకి సీటు నిరాకరించడానికో, ఫీజు వసూలు చెయ్యడానికో వీలిచ్చే బిల్లును 2025లో రాష్ట్ర సెనేట్ ఆమోదించింది, ఆ ఏడాది అది ప్రతినిధుల సభలో ఆగిపోయింది. ఇలాంటి బిల్లుల అసలు గురి ప్లైలర్ కేసుని మళ్లీ సుప్రీంకోర్టు ముందుకి తేవడమే. మీ రాష్ట్రంలో ఇలాంటిది వస్తే విచారణలో మాట్లాడటానికి, శాసనసభ్యుడికి ఉత్తరం రాయడానికి పౌరసత్వం అక్కర్లేదు.

12వ తరగతి అయ్యాక?

ప్లైలర్ రక్షణ అక్కడితో ఆగుతుంది. కాలేజీ ఫీజులో స్థానికుల రేటు వస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, మారుతూ కూడా ఉంటుంది. పత్రాలు లేని విద్యార్థులకి ఆ రేటు ఇవ్వడానికి 2001లో అందరికంటే ముందు చట్టం చేసిన టెక్సస్‌లోనే, 2025 జూన్‌లో కోర్టు దాన్ని నిలిపేసింది. హెచ్-4 పిల్లలకి ఫెడరల్ ఆర్థిక సాయం రాదు, 21 ఏళ్లు నిండితే డిపెండెంట్ స్టేటస్ పోతుంది. పదో తరగతిలో ఉండగానే కౌన్సెలర్‌తోనూ లాయర్‌తోనూ మాట్లాడటం మొదలుపెట్టండి.

స్కూల్ చేర్చుకోనంటే ఎవరికి చెప్పాలి?

ఎవరు, ఏ రోజు, ఏమన్నారో రాసి పెట్టుకోండి. ముందు డిస్ట్రిక్ట్ ఎన్‌రోల్‌మెంట్ ఆఫీసుకి, తర్వాత సూపరింటెండెంట్‌కి ఈమెయిల్ పంపండి. ప్లైలర్ వర్సెస్ డో, 1982 అని అందులో పేర్కొనండి. కదలకపోతే రాష్ట్ర విద్యాశాఖకి వెళ్లండి. పుట్టిన దేశం, జాతి ఆధారంగా వివక్ష జరిగితే ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి 180 రోజుల్లోపు ఫిర్యాదు చెయ్యవచ్చు. 2025లో ఆ కార్యాలయం ప్రాంతీయ శాఖల్ని సగానికి పైగా మూసేశారు కాబట్టి దాని మీదే ఆధారపడొద్దు. మీ రాష్ట్రంలోని ఏసీఎల్‌యూ (పౌరహక్కుల సంస్థ) శాఖకి, లేదా టైలర్ కుటుంబాల తరఫున వాదించిన మాల్‌డెఫ్ అనే న్యాయసహాయ సంస్థకి కూడా అదే రోజు రాయండి. జవాబు వచ్చేదాకా ప్రతి ఉదయం స్కూల్ ఆఫీసుకి వెళ్లి అడుగుతూనే ఉండండి, ఒంటరిగా వెళ్లకుండా తెలిసినవాళ్లని ఒకరిని వెంట తీసుకెళ్లండి.